జవాబు రాకపోతే

నేను రాసిన రెండు వాక్యాల వల్ల ఒక మనిషికి ప్రాణం మీదికి వచ్చింది. చదివితే వాటిలో తప్పేమీ కనిపించదు. అదే సాకుగా ఒక రోజంతా వాటి వెనక దాక్కున్నాను కూడా.

గోదావరిఖనిలో ఒక చిన్న డయాలసిస్ సెంటరుంది. ఎవరు ఏ పూట రావాలో, ఏ మిషన్ మీద కూర్చోవాలో ముందు టేబుల్ దగ్గరి అక్క ఏళ్ల తరబడి ఒక నోట్‌బుక్కులో రాసుకుని నడిపించేది. ఆ పని ఏఐ ఏజెంటుకు అప్పగిద్దామన్నారు డాక్టరు గారు. ఏజెంటు చేతికి కొన్ని టూల్స్ ఇస్తాం: స్లాట్ ఇవ్వడానికొకటి, మెసేజ్ పంపడానికొకటి, రద్దు చేయడానికొకటి. ఏ టూల్ ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో మనం రాసిపెట్టిన నాలుగు ముక్కలే దానికి తెలుస్తాయి. ఆ నాలుగు ముక్కలు రాయడమే నా ఉద్యోగం. అందరూ నాలుగు రాస్తే నేను రెండింటితో తేల్చేస్తానని నాకు కాస్త పొగరు.

రాసే ముందు అక్కతో మాట్లాడమన్నారు. మాట్లాడాను, చాయ్ తాగినంత సేపు. పొద్దున అందరికీ ఫోన్ చేస్తానని, గంటసేపు చూసి, జవాబు లేకపోతే ఆ స్లాటు వేరేవాళ్లకు ఇస్తానని చెప్పింది. "ఇగ బాయి పనోళ్ల సంగతైతే..." అని మొదలుపెట్టి, తనే నవ్వేసింది. "నీకు నేను చెప్పేదేందే, నువ్వే బాయి పనోని బిడ్డవైతివి."

నిజమే. మా నాన్న సర్వీసంతా బొగ్గు బాయిలోనే, గని లోపలే చేశాడు. నేనూ నవ్వి, ఇంటికొచ్చి, రద్దు టూల్ కింద ఇట్లా రాశాను: "ఉదయం పది గంటలకు మెసేజ్ పంపాలి. గంటలో జవాబు రాకపోతే స్లాట్ రద్దు చేసి, వెయిటింగ్‌లో ఉన్న తర్వాతి వారికి ఇవ్వాలి." రాసుకుని మురిసిపోయాను.

ఏజెంటు పని మొదలుపెట్టిన రెండో రోజు సాయంత్రం నేను సెంటర్లోనే ఉన్నాను. ఒక కాక భార్యను పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ వచ్చాడు. మొదటి షిఫ్టు చేసి, మూడింటికి బాయిలోంచి పైకి వచ్చి, స్నానం చేసి, ఆమెను ఐదు గంటల స్లాటుకు తీసుకొచ్చాడు. ఆమెకు చూపు ఆనదు, ఒక్కతే రాలేదు. ఆమె మిషన్ మీద అప్పటికే వేరే ఎవరో ఉన్నారు. అక్క స్క్రీన్‌లో వాళ్ల పేరు కోసం పైకీ కిందికీ వెతకసాగింది. నేను ఊరుకోవచ్చు కదా. ముందుకు వెళ్లి స్క్రీన్ ఆయన వైపు తిప్పాను.

"మీకు పదింటికే మెసేజ్ వెళ్లిందండీ. మీరు జవాబు ఇవ్వలేదు. ఫోన్ చూసుకోవాలి కదా."

మా ఇంట్లో ఎన్నడూ మాట్లాడని ఆ తెలుగు ఆ పూట నా నోటికి ఎక్కడినుంచి వచ్చిందో. మా నాన్న ఈడు మనిషిని కాకా అని కూడా పిలవలేదు.

ఆయన కోప్పడినా బాగుండేది. "బాయిలకు ఫోను పట్కపోనియ్యరు గద బిడ్డా. మీదనే ఇడ్శిపెట్టి దిగాలె" అన్నాడు, ఊరికి కొత్తగా వచ్చినదానికి చెప్పినట్టు, మెత్తగా.

నాకు చెప్పాడు ఆ మాట! బళ్లో పడి నేను చెయ్యి విరగ్గొట్టుకున్న రోజు మూడున్నర దాకా నాన్నకు ఆ సంగతే తెలియదు. బాయిలో ఉన్న మనిషి ఫోన్‌కు అందడని ఈ బొగ్గు గనుల బెల్టులో ఎవరూ ఎవరికీ చెప్పరు. అక్క నాకు చెప్పలేదు, నేను ఏజెంటుకు చెప్పలేదు. ఏజెంటు మాత్రం ఇక్కడ పుట్టలేదు.

అంతా అప్పుడే అర్థమైంది. అయినా డాక్టరు గారు వచ్చి ఏమైందని అడిగితే, "ఏఐ పొరపాటు పడింది సార్, అప్పుడప్పుడు అట్లా చేస్తది" అన్నాను. అక్క నా మొహంలోకి చూసింది. నేను ఫోన్‌లోకి చూసుకున్నాను.

ఆ సాయంత్రం ఒక్క మిషన్ కూడా ఖాళీ కాలేదు. మర్నాడు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఆమెకు దమ్ము ఆడ్తలేదట. కరీంనగర్ దవాఖానకు తీస్కవోయిండ్రు. ఐసీయూల పెట్టిండ్రట." పెట్టుకున్న అన్నం అట్లాగే వదిలేసి లాగ్ తెరిచాను. ఏజెంటు రాసుకున్న మాట అందులో ఉంది: "గంటలో జవాబు రాలేదు. సూచన ప్రకారం రద్దు చేస్తున్నాను." అది నా మాట తు.చ. తప్పకుండా విన్నది. నేను దాని మీదే నేరం వేశాను.

డాక్టరు గారి దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు, "అక్క నోట్‌బుక్కు చూశావా?" అని. చూడలేదు. అప్పుడు చూశాను. బాయి పనోళ్ల పేర్ల పక్కన, ప్రతి పేజీలో, వంకర అక్షరాలతో ఉంది: ఫస్ట్ షిఫ్టు, మూడు దాటినంక అడగాలె. నైట్ షిఫ్టు, పొద్దుగాల లేపొద్దు. నా డాక్యుమెంటు కంటే ఎంతో నయం. దాన్ని ముందు పెట్టుకుని రద్దు టూల్ కింద మళ్లీ రాశాను: "రోగిని తీసుకొచ్చే మనిషి బాయిలో పనిచేస్తే, షిఫ్టు ముగిసి గంట దాటేవరకు ఈ టూల్ వాడకూడదు. బాయిలోకి దిగిన మనిషి దగ్గర ఫోన్ ఉండదు. జవాబు లేనంత మాత్రాన రారని అనుకోకూడదు."

ఆమె బతికి ఇంటికొచ్చింది. వాళ్ల క్వార్టరుకు వెళ్లి, తప్పు నాదని చెప్పాను. "కానియ్ బిడ్డా" అన్నాడు కాక. మంచం మీదినుంచి ఆమె మాత్రం నా గొంతు వైపు తల తిప్పి, "ఫోను చూస్కోవాలె అన్న పిల్లవు నువ్వేనా?" అంది. నేనేనన్నాను. ఆమె తల మళ్లీ గోడ వైపు తిప్పుకుంది.

ఇప్పుడు ఆమెకు డయాలసిస్ ఉన్న ప్రతి రోజూ పొద్దున ఆరున్నరకు ఏజెంటుకు కాక మెసేజ్ వస్తుంది. "నేను డ్యూటీకి దిగుతున్న. మూడింటి దాక ఫోను ఉండది. మా ఆమె స్లాటు తియ్యకుండ్రి, దండం పెడ్త." ఇక అక్కర్లేదు కాకా, సరిచేశానని రెండుసార్లు చెప్పాను. "ఉండనియ్ బిడ్డా" అన్నాడు.

ఇవాళ కూడా వచ్చింది.