నీలావతి అడిగిన సాయంత్రం

హిందూపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి రెండో అంతస్తులో డయాలసిస్ వార్డు ఉంది. అక్కడ అందరికంటే పాత నర్సు నీలావతి. పొడుగు మనిషి, భుజాలు కొద్దిగా ముందుకు వంగి ఉంటాయి. మాట తక్కువ. కానీ సూది గుచ్చేటప్పుడు మాత్రం వాన గురించో, గొర్రెల గురించో పేషెంటును ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది. జవాబు చెప్పే ధ్యాసలో సూది దిగిన సంగతే చాలామందికి తెలియదు.

ఆమె పుట్టింది ధర్మవరంలో. నాయన మగ్గం పక్కన కూర్చుని కండెలకు పట్టుదారం చుడుతూ చదువుకుంది. నర్సింగు పూర్తయ్యాక పెనుకొండలో చిన్న బట్టలంగడి ఉన్న రమణతో పెళ్ళయింది. నాలుగేళ్ళు గడవకముందే ఒకరోజు సరుకు కోసం మోటారు సైకిల్ మీద పోయిన రమణ హైవే మీద ప్రమాదంలో చనిపోయాడు. పిల్లలు లేరు. అత్తగారింట్లో ఎవరూ పొమ్మనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు. హిందూపురంలో ఉద్యోగం చూసుకుని, ఒక గది అద్దెకు తీసుకుని వచ్చేసింది.

వార్డు మేనేజరు వేణుమాధవ్ మంచివాడే. పెద్ద పండగల ముందు రోజు సిబ్బందిని మధ్యాహ్నం మూడు గంటలకే ఇంటికి పంపేవాడు. అయితే రక్తం శుద్ధి చేసే మిషన్‌కు పండగ ఉండదు. ఆఖరి విడతలో ఆగలేని పేషెంట్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళ మిషన్లు ఆగి, రక్తం తిరిగి లోపలికి ఎక్కించి, సూది తీసిన చోట కట్టు కట్టి, అన్నీ కడిగి పెట్టేదాకా ఒకరు ఉండక తప్పదు. ఆ ఒక్కరు ఎప్పుడూ నీలావతే.

అలాగని ఎవరూ ఆజ్ఞ వేయలేదు. మొదటిసారి తనే ఉంటానంది. అప్పుడు తోటి నర్సు స్వాతి బిడ్డ ఇంకా చనుబాలు తాగుతున్నాడు. తర్వాతి పండగకు టెక్నీషియన్ సుధాకర్ పెళ్ళిచూపులు. ఆ తర్వాత అడగడమే మానేశారు. మూడు కాగానే చెప్పులు వేసుకుని, "పోయొస్తామక్కా" అని వెళ్ళిపోయేవారు.

అలా ఏడెనిమిదేళ్ళు గడిచాక, ఒక ఉగాది ముందు రోజు పొద్దున టీ తాగుతుండగా నీలావతి వేణుమాధవ్‌తో అంది.

"సార్, ఈ పొద్దు నేను కూడా మూడు గంటలకు పోతాను."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఏమైందమ్మా? ఒంట్లో బాగలేదా?"

"బాగుండా సార్."

"ధర్మవరానికి పోతాండావా?"

"లేదు సార్. ఈడే ఉంటా."

"మరి?"

"పండగ కదా సార్."

పక్కనే ఉన్న స్వాతి నవ్వుతూ అనేసింది. "నీకేం పండగక్కా? ఇంట్లో ఎవరుండారని?"

అన్న మరుక్షణమే స్వాతి ముఖం మాడిపోయింది. సుధాకర్ నీళ్ళు శుద్ధి చేసే మిషన్ మీటరు వైపు తిరిగి దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

నీలావతి గొంతు పెరగలేదు. "కారణం చెప్తేనే పంపిస్తారా సార్? స్వాతిని ఎప్పుడూ అడగల్యా. సుధాకర్‌ను అడగల్యా. నన్నొక్కదాన్నే ఎందుకు అడుగుతాండారు?"

వేణుమాధవ్ లేచి, "పో తల్లీ. అడగాల్సిన మాట కాదు అది," అన్నాడు. ఉండడానికి సుధాకర్ ఒప్పుకున్నాడు. అతనికి ఇష్టం లేదని అందరికీ కనిపిస్తూనే ఉంది. సాయంత్రం పిల్లలను బట్టలకు తీసుకుపోతానని మాటిచ్చి వచ్చాడు.

మూడవుతుండగా నీలావతి ఆఖరి విడత పేషెంట్లను చూసి వద్దామని వెళ్ళింది. లేపాక్షి దగ్గరి పల్లె నుంచి వచ్చే గంగప్ప అప్పుడే మంచం మీద పడుకున్నాడు. గొర్రెలు కాచుకుని బతికిన ముసలాయన. మిషన్ మీద ఉండగా అతనికి బీపీ పడిపోతుంది. అలాంటప్పుడు చిన్నపిల్లాడిలా నీలావతి చెయ్యి పట్టుకుంటాడు.

"నువ్వు పోతాండావంటనే?" అన్నాడు.

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. బ్యాగు బల్ల మీద పెట్టేసి ఉండిపోదామనిపించింది. అలా ఉండిపోవడమే ఆమెకు అలవాటు. కష్టం కూడా కాదు.

"సుధాకర్ ఉంటాడప్పా. అన్నీ చెప్పినా," అంది.

గంగప్ప ఆమెనే చూసి, కళ్ళు మూసుకున్నాడు. "పో బిడ్డా. మేము ఎట్లో ఒకట్ల కానిస్తాం. మా కోసరమని ఎన్నాళ్ళు ఉంటావు?"

పిక్కలు పట్టేస్తున్నాయని ముసలాయన అన్నాడంటే బీపీ దిగుతున్నట్టేనని, వెంటనే కాళ్ళ వైపు మంచం ఎత్తి సెలైన్ ఇవ్వాలని సుధాకర్‌కు మళ్ళీ చెప్పి, నీలావతి మెట్లు దిగింది.

బయట ఎండ ఇంకా చురుక్కుమంటోంది. పండగ ముందు సాయంత్రం ఆమె ఎప్పుడు బజారులోకి వచ్చినా అంగళ్ళు షట్టర్లు దించుతూ ఉండేవి. పూలమ్మేవాళ్ళు ఖాళీ బుట్టలు దులుపుకుంటూ ఉండేవారు. ఇప్పుడు నడవడానికి చోటు లేదు. మామిడాకులు, వేపపూత, కొత్త బెల్లం. జనం తోసుకుంటున్నారు, బేరాలాడుతున్నారు, తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో తిట్టుకుంటున్నారు. నీలావతి ఆ తోపులాటలో నిలబడి బొబ్బట్లకు కందిబేడలు, బెల్లం కొంది. ఒక మూర మల్లెపూలు కొని, ఏం చేయాలో తెలియక సంచిలో వేసుకుంది.

ఇంటి ఓనరు కుళ్ళాయమ్మ వాకిట్లో కసువు ఊడుస్తోంది. "ఏమే, ఇంత బిరీన వచ్చినావు? జరమా?" అంది.

"లేదవ్వా. ఓళిగలు చేద్దామని."

కుళ్ళాయమ్మ చీపురు పక్కన పెట్టి, లోపలికి పోయి రుబ్బుడు గుండు కడగడం మొదలుపెట్టింది. పూర్ణం రుబ్బింది ఆమే. పిండి కలిపింది నీలావతి. మొదటి ఓళిగ పెనం మీద చిరిగిపోయింది. రెండోది పొంగింది. దాన్ని చూస్తూ ఉండగా నీలావతికి ఏడుపొచ్చింది. కుళ్ళాయమ్మ చూసి కూడా ఎందుకని అడగలేదు. మల్లెపూలు ఆ అవ్వే దేవుడి పటానికి వేసింది.

పండగ తర్వాత నీలావతి డ్యూటీకి వచ్చేసరికి సుధాకర్ ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. గంగప్పకు బీపీ పడిపోయిందని, మిషన్ ఆగేదాకా పక్కనే కూర్చుని కాళ్ళు పట్టుకున్నానని చెప్పాడు. తాను ఇంటికి పోయేసరికి పిల్లలు ఎదురుచూసి చూసి నిద్రపోయారట.

"ఇన్నేండ్లూ ఇట్లా పొద్దుపోయినాకే ఇంటికి పోయినావా అక్కా?" అన్నాడు.

"ఊ," అంది నీలావతి.

పండగ డ్యూటీ ఇకమీదట వంతుల వారీగా చేయాలని వేణుమాధవ్ ఆ వారమే చెప్పాడు. ఎవరి ఇంట్లో ఎవరున్నారన్నది లెక్కలోకి రాదన్నాడు. స్వాతి మాత్రం చాలా రోజులు నీలావతి ముఖం చూడలేకపోయింది. చివరికి ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో, "ఆ పొద్దు నోరు జారినానక్కా," అంది.

నీలావతి పైట సర్దుకుంది. "నువ్వు పైకన్నావు, అంతే. అందరి మనసులోనూ అదే ఉండాది స్వాతీ. నా మనసులోనూ అదే ఉండె. నాకేం పండగలే అని నేనే అనుకుంటా ఉంటి. అందుకే ఇన్నేండ్లు అడగల్యా."

స్వాతి ఆమె చెయ్యి పట్టుకుంది.

వానలు మొదలైన నెలలో గంగప్ప పోయాడు. ఇంట్లోనే, నిద్రలో. కబురు తెలిసి వార్డు నుంచి నీలావతి, సుధాకర్ లేపాక్షి బస్సెక్కి వెళ్ళి వచ్చారు.

దసరా ముందు రోజు వంతు నీలావతికి పడింది. మూడు కాగానే మిగతావాళ్ళు లేచారు. స్వాతి బ్యాగు సర్దుకుని తలుపు దాకా పోయి, వెనక్కి వచ్చింది.

"నువ్వు పోక్కా. నేనుంటా."

"వద్దు. ఇది నా వంతు," అంది నీలావతి.

"సరే. అయితే ఆరు దాకా నీతో ఉంటా. మావాడు వాళ్ళ అవ్వ దగ్గర ఉండాడు."

నీలావతి కాదనలేదు. ఇద్దరూ చెరో మంచం దగ్గరికి నడిచారు.