ఇంగ్లీషు మీడియం అని సంతకం పెట్టాక

కరోనా సద్దుమణిగి కాలేజీలు మళ్ళీ మామూలుగా నడవడం మొదలుపెట్టిన కొత్తలో నన్ను చోడవరంలో ఒక డిగ్రీ కాలేజీకి ఎఫ్.ఏ.సి. ప్రిన్సిపాల్‌గా వేశారు. ఎఫ్.ఏ.సి. అంటే పూర్తి అదనపు బాధ్యత. అసలు ప్రిన్సిపాల్ రానప్పుడు ఒక సీనియర్ లెక్చరర్‌ని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెడతారు. సంతకం ప్రిన్సిపాల్‌ది, జీతం లెక్చరర్‌ది. నా సబ్జెక్టు కెమిస్ట్రీ. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషిని రోజూ విశాఖపట్నం నుంచి బస్సులో వేలాడమంటే ఎవరికి ఒళ్ళు మండదు? నాకూ మండింది.

ప్రిన్సిపాల్ బల్ల మీదికి వచ్చే కాగితాల్లో టి.సి.లు, స్కాలర్‌షిప్పు ఫారాల తర్వాత ఎక్కువగా వచ్చేవి మీడియం సర్టిఫికెట్లు. పై దేశాల్లో ఎం.ఎస్సీ.లాంటి కోర్సులకి దరఖాస్తు చేసే పిల్లలు తమకి ఇంగ్లీషు వచ్చని రుజువు చూపించాలి. అందుకు ఖరీదైన పరీక్ష ఒకటి ఉంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగూ విడివిడిగా చూస్తారు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఆ పరీక్ష లేకుండానే, డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివినట్టు ప్రిన్సిపాల్ రాసిస్తే చాలంటాయి. మా ఆఫీసు సూపరింటెండెంటు మూర్తిగారి కంప్యూటర్‌లో ఆ నమూనా ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. పేరు, హాల్ టికెట్టు నంబరు మారిస్తే సరి.

అందులో అబద్ధం లేదు. మా పిల్లలు ఇంగ్లీషు మీడియంలోనే చేరతారు. పుస్తకం ఇంగ్లీషు, బోర్డు మీద రాత ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు. పాఠం మాత్రం తెలుగు. "ఇప్పుడు ఈ మాలిక్యూల్ ఏం చేస్తుందీ, పక్కదాంతో బాండు పెట్టుకుంటుంది" అని చెప్తాం. నేను పనిచేసిన కాలేజీలన్నిట్లో ఇదే పద్ధతి. లెక్చరర్‌కీ సుఖం, పిల్లలకీ సుఖం. దీన్నెవరూ తప్పనుకోరు, అసలు దీని గురించి ఎవరూ అనుకోరు.

ఆ ఏడు వేసవిలో నూకరత్నం అనే అమ్మాయి వచ్చింది. మా కాలేజీలోనే బి.ఎస్సీ. పూర్తి చేసింది. రావికమతం దగ్గర పల్లె. తండ్రి సన్యాసినాయుడు చెరకు పండించి, సొంతంగా బెల్లం వండుతాడు. పై చదువు ఎక్కడ, ఏ కోర్సు అని అడిగాను. ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం పేరు చెప్పి, ఫుడ్ సైన్స్ అంది.

అది విని నేను కొంచెం వెటకారంగానే మాట్లాడాను. విశాఖలో కన్సల్టెన్సీవాళ్ళు పిల్లలకి ఏ కోర్సులో సీటు తేలిగ్గా దొరికితే అది అంటగట్టడం చాలా చూశాను. ఆ విశ్వవిద్యాలయంలోనే ఫుడ్ అనే మాటతో నాలుగు కోర్సులున్నాయి. ఒకటి పోషకాహారం, ఒకటి వ్యాపారం, ఒకటి తనిఖీ, ఒకటి సైన్సు. పేరు చూసి చేరితే దిగాక ఏడవాలి. కోర్సులో ఏయే మాడ్యూళ్ళున్నాయో, అంటే ఏయే పాఠ్యభాగాలున్నాయో, ల్యాబ్ ఎంతుందో చూసుకోవాలి. "నీకీ కోర్సు ఎవరు చెప్పారే?" అని అడిగాను.

"ఎవరూ సెప్పలేదు మేడమ్, నేనే ఎతికేను" అంది. "ఒకే తోట చెరకు, ఒకే పెనం. ఎండల్లో బెల్లం దిమ్మ రాయిలాగుంటాది. వానలొచ్చేసరికి నీరు కారిపోతాది. మా నాన్న దాన్ని ఏ రేటొస్తే ఆ రేటుకి ఒదిలేస్తాడు. ఎందుకలాగవుతాదో, ఏటి చేస్తే ఆగుతాదో ఆ కోర్సులో ఉంది. సక్కెరలు, తేమ మీద ఒక మాడ్యూలంతా ఉంది. మిగతా మూడింట్లో లేదు."

నా వెటకారం అక్కడితో అయిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో, ఒక కోర్సు ఎందుకు కావాలో ఇంత సూటిగా చెప్పిన పిల్లని నేను చూడలేదు. మీడియం సర్టిఫికెట్టు మీద అప్పటికప్పుడు సంతకం పెట్టిచ్చాను. ఆ విశ్వవిద్యాలయం నుంచి కండిషనల్ ఆఫర్ వచ్చింది. అంటే సీటు ఇస్తాం, మేం పెట్టిన షరతులు తీరాలి అని. మార్కుల షరతు తీరింది. ఇంగ్లీషు షరతుకి నా సర్టిఫికెట్టు పంపారు. ఇక వీసా పని చూసుకోవడమే అనుకున్నారు తండ్రీకూతుళ్ళు.

అప్పుడొచ్చింది నా పేరుకి ఈమెయిలు. మీడియం సర్టిఫికెట్లు కొన్నిటిని ఎంచి పరిశీలిస్తున్నామనీ, సంతకం చేసిన అధికారితో వీడియో కాల్‌లో మాట్లాడాలనీ, ఆ సమయానికి విద్యార్థి గదిలో ఉండకూడదనీ రాశారు. మూర్తిగారు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన అంత మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"మేడమ్, క్లాసులో ఏ భాష అని అడుగుతారు. మీరు తెలుగు అన్నారంటే ఈ అమ్మాయి ఒక్కర్తే కాదు, ఇదివరకు ఇదే సర్టిఫికెట్టు మీద వెళ్ళినవాళ్ళందరి మెడకీ చుట్టుకుంటుంది. రికార్డులో ఉన్నది చెప్పండి. రికార్డులో ఇంగ్లీషే కదా."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా ఆ రోజంతా నాకు ఏ పనీ సాగలేదు. మర్నాడు రత్నాన్ని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టాను. బెల్లం ఎందుకు నీరు కారుతుందో ఇంగ్లీషులో చెప్పమన్నాను. "మేడమ్, జాగరీ ఈజ్..." అని ఆగింది. గొంతు సవరించుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. ముఖం ఎర్రబడిపోయింది. కాగితం ఇస్తే ఇంగ్లీషులో పేజీ నిండా రాసింది, ఒక్క తప్పు లేదు. తెలుగులో చెప్పమంటే గలగలా చెప్పింది. ఆ విశ్వవిద్యాలయంవాళ్ళు నెట్‌లో పెట్టిన పాఠం ఒకటి ఫోన్‌లో వినిపించి, ఏం చెప్పారో చెప్పమంటే, నా మొహంకేసి చూస్తూ ఉండిపోయింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం కాబట్టి ఆ పిల్ల మీదే చూపించాను. ఇలా అయితే అక్కడ మొదటి వారంలోనే మునిగిపోతావు అన్నాను. పాపం, తల దించుకుని విని వెళ్ళిపోయింది.

కాల్ రోజున సన్యాసినాయుడు కూతుర్ని వెంటబెట్టుకుని నాకంటే ముందు వచ్చి వరండాలో నిలబడ్డాడు. తెల్లచొక్కా వేసుకుని పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు. "మేడమ్ గారూ, ఇంగ్లీషులోనే సెప్తన్నాం అని ఒక్క మాటనీండి. మీ సొమ్మేటి పోతాది? ఆ గుంట సిన్నప్పట్నుంచి ఇదే కలవరింత" అన్నాడు. నేను చూద్దాం అని గబగబా లోపలికెళ్ళిపోయాను. అలా అనకుండా ఉండాల్సింది కానీ, అంతకంటే ఏమనాలో తోచలేదు.

మూర్తిగారు కంప్యూటరుకి స్పీకర్లు తగిలించారు. నా గది తలుపు సగం తలుపు. లోపల మాట బయట వరండాలో వినిపిస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, మూసే దారి లేదు.

అవతల ఉన్నావిడ మర్యాదస్తురాలే. కానీ ఆవిడ యాస నాకే సరిగా అందలేదు, రెండు చోట్ల మళ్ళీ అడిగించుకున్నాను. ముందు కాలేజీ గురించి, నా హోదా గురించి అడిగింది. ఎఫ్.ఏ.సి. అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. సంతకం నాదేనా అంది. నాదే అన్నాను. తర్వాత అసలు ప్రశ్న అడిగింది. లెక్చరర్ నిలబడి పాఠం చెప్పేటప్పుడు ఏ భాషలో చెప్తారు?

రికార్డు ప్రకారం ఇంగ్లీషు అనే మాట నాలుక చివరే ఉంది. పక్కనే మూర్తిగారు నిలబడి ఉన్నారు. కానీ ఆవిడ రికార్డు గురించి అడగలేదు, నిలబడి చెప్పే మనిషి గురించి అడిగింది. ఆ నిలబడి చెప్పే పని ముప్ఫై ఏళ్ళకు పైగా నేను చేశాను. పుస్తకం, బోర్డు, పరీక్ష, ప్రాక్టికల్స్ అన్నీ ఇంగ్లీషు, వివరించి చెప్పడం తెలుగు అని చెప్పేశాను. అయితే దీన్ని ఇంగ్లీషు మీడియం అని ఎలా అంటారని ఆవిడ అడిగింది. మా దగ్గర దాన్నే అంటారండీ అన్నాను. తర్వాత, ఈ విద్యార్థిని మా క్లాసులో కూర్చుంటే పాఠం అర్థం చేసుకోగలదా అంది. చదవగలదు, రాయగలదు, ఈ సబ్జెక్టులో ఆమె తెలివికి నేను పూచీ, విని మాట్లాడడం మాత్రం ఇవాళ్టికి రాదు అన్నాను.

కాల్ ముగించి బయటికొచ్చాను. సన్యాసినాయుడికి ఇంగ్లీషు రాదు గానీ కూతురి ముఖం చూసి సంగతి గ్రహించేశాడు. "ఆవిడెవరో దేశం కాని దేశంలో ఉంది. మీరు మా ఊరి కాలేజీలో కూకున్నారు. ఆవిడ పక్షం మాటాడేసేరేటి మేడమ్?" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. రత్నం వెనక్కి తిరక్కుండా గేటు దాటి ఆటో ఎక్కేసింది.

విశ్వవిద్యాలయంవాళ్ళు జవాబు వెంటనే రాశారు. సర్టిఫికెట్టు చెల్లదు. ఆఫర్ రద్దు చెయ్యలేదు. కోర్సు మొదలయ్యేలోగా ఇంగ్లీషు పరీక్ష రాసి, నాలుగు భాగాల్లోనూ వాళ్ళు అడిగిన స్కోరు తేవాలి. ప్రధాన కోర్సుకి ముందు విదేశీ విద్యార్థులకి అక్కడే నడిపే ఇంగ్లీషు కోర్సు ఒకటి ఉంది కానీ, దాని ఆఖరి బ్యాచి అప్పటికే మొదలైపోయింది. ఈ ల్యాబు కోర్సుకి ఏడాదికి ఒక్కసారే ప్రవేశం. ఇదివరకు వెళ్ళినవాళ్ళ ఊసు వాళ్ళు ఎత్తలేదు. మూర్తిగారు మాత్రం చాలా రోజులు ఈమెయిలు తెరిచినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకునేవారు.

రత్నం మళ్ళీ రాదనుకున్నాను. వచ్చింది. నమస్కారం కూడా పెట్టకుండా, "నాకు రాదని సెప్పేసేరు కదా, ఇప్పుడు నేర్పండి" అంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పని తగ్గాక నా గదిలోనే కూర్చునేది. తెలుగులో ఒక్క ముక్క మాట్లాడకూడదని కట్టడి పెట్టుకున్నాం. పాఠాలు వినిపించేదాన్ని, ఆపి, విన్నది చెప్పించేదాన్ని. మొదట్లో కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నేనూ విసుక్కునేదాన్ని. మెల్లగా నోరు తెరుచుకుంది. చెవి మాత్రం మొరాయించింది. "మేడమ్, మీ ఇంగ్లీష్ ఈజ్ ఈజీ, దెయిర్ ఇంగ్లీష్ ఈజ్ రన్నింగ్" అనేది.

విశాఖపట్నం వెళ్ళి పరీక్ష రాసి వచ్చింది. ఫలితం కోసం చూసిన రోజుల్లో పడ్డ ఆత్రం నా స్వంత పిల్లల పరీక్షలప్పుడు కూడా పడలేదు నేను. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. చదవడం, రాయడం చాలా బాగా వచ్చాయి. మాట్లాడడం సరిగ్గా సరిపోయింది. వినడంలో అర మార్కు తగ్గింది.

ఆ అర మార్కు కోసం నేను విశ్వవిద్యాలయంవాళ్ళకి రాశాను, బతిమాలినట్టే రాశాను. మర్యాదగా కుదరదన్నారు. సీటు పోయింది. కన్సల్టెన్సీవాళ్ళు వెంటనే, జనవరిలో మేనేజ్‌మెంటు కోర్సుంది, తక్కువ స్కోరు చాలు అన్నారు. సన్యాసినాయుడు దానికి సిద్ధపడ్డాడు. ఏదో ఒకటి, ముందు వెళ్తే చాలన్నాడు. రత్నం ససేమిరా అంది. "మేనేజ్‌మెంటు సదివొచ్చి నీ బెల్లం నీరు కారకుండా ఆపగలనా నాన్నా?" అని అడిగిందట.

సంగతి తేలిపోయిన రోజు నా దగ్గరికి వచ్చింది. నేను ఓదార్పుగా, ఒక్క ఏడాదే కదా, అర్థంకాని క్లాసులో కూర్చుని అవమానపడడం కంటే నయం కదా అని మొదలుపెట్టాను. నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"మీరు ఆవిడకి సెప్పింది అబద్ధం అన్లేదు మేడమ్. నిజమే సెప్పేరు. మూడేళ్ళు ఈ గేటులోంచే వచ్చేను, ఎళ్ళేను. ఫస్ట్ క్లాసులో పాసయ్యేను. నాకు ఇంగ్లీషు వినడం రాదని ఈ కాలేజీ మొత్తానికి తెల్సు. ఆవిడకి సెప్పేరు. నాకెవరూ సెప్పలేదేటి?"

నేను ఆ అమ్మాయికి ఒక్క క్లాసు కూడా చెప్పలేదు, ఆమె ఆఖరి సంవత్సరం ముగిసేనాటికి వచ్చినదాన్ని. ఆ జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది. రత్నం కుర్చీ లోపలికి జరిపి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు మళ్ళీ పరీక్ష రాసి, అదే విశ్వవిద్యాలయంలో, అదే కోర్సులో చేరింది. ఈసారి నా సంతకంతో పనిపడలేదు. బయల్దేరేముందు వాళ్ళ నాన్న చేత బెల్లం పంపించింది, తను రాలేదు.

నేను రిటైరయ్యేదాకా మీడియం సర్టిఫికెట్ల మీద సంతకాలు పెడుతూనే ఉన్నాను. రూలు అలాగే ఉంది. కాకపోతే పుస్తకం, పరీక్ష, పాఠం ఏ ఏ భాషల్లోనో విడివిడిగా రాయించేదాన్ని. దాంతో కన్సల్టెన్సీవాళ్ళు మా కాలేజీ కాగితం అంటే మొహం చిట్లించేవారని మూర్తిగారు చెప్పారు. కొత్త బ్యాచి చేరగానే, టైంటేబులు కంటే ముందు, మొదటి సంవత్సరం పిల్లల్ని కూర్చోబెట్టి, మీది పేరుకి ఇంగ్లీషు మీడియం, మీరు వినబోయేది తెలుగు, పై దేశం కోర్సు కావాలనుకున్నవాళ్ళు ఇవాళ్టినుంచే మధ్యాహ్నం వినడం నేర్చుకోవడానికి రండి అని మొహమాటం లేకుండా చెప్పేదాన్ని. కొందరు లెక్చరర్లకి అది నచ్చలేదు. కాలేజీ పరువు మనమే తీసుకుంటున్నామన్నారు.

ఈ ఉద్యోగంలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఒకటే. ఒక పిల్లకి ఏది రాదో మనకి తెలిసినప్పుడు, ఆ సంగతి ముందు ఆ పిల్లకి చెప్పాలి, నేర్చుకోవడానికి ఇంకా టైముండగానే చెప్పాలి. మిగతావాళ్ళు అడిగినప్పుడు చెప్పుకోవచ్చు.