ఎదురింటి బిందెలు

పాప పుట్టాక సెలవు ముగించుకుని, మార్కాపురంలో మా అత్తగారింటి నుంచే పని మొదలుపెట్టాను. మేనేజర్ ఒక్క నెల గడువిచ్చాడు. ఆ నెలలో నా పనిలో ఏదైనా చెడితే పాపను తీసుకుని హైదరాబాద్ ఆఫీసుకు వెళ్లాలి. మూడో వారంలోనే చెడింది.

మేం తయారుచేసేది ప్రోగ్రాములను నడిపించే రన్‌టైమ్. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ తన సంగతులను ఒక చిన్న ఫైల్లో ఉంచుతుంది. ఆ ఫైలును ఇతర ప్రోగ్రాములూ చదువుకోవచ్చు. ప్రోగ్రామ్ ఉన్నట్టుండి ఆగిపోతే ఫైలు దిక్కులేకుండా మిగులుతుంది. అలాంటివి ఏరి తీసేసే కోడ్ నాది. ఫైలు మీదున్న నంబరుతో ప్రోగ్రామును పిలుస్తాను. ఎర్రర్ వస్తే అది ఆగిపోయిందని ఫైలు చెరిపేస్తాను. ఒక కస్టమర్ సర్వర్లో నడుస్తున్న ప్రోగ్రాముల ఫైళ్లు కూడా పోయాయి. నా ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకలేదు.

ఆ మధ్యాహ్నం నీళ్ల ట్యాంకర్ వచ్చింది. మా వీధిలో మనిషి నిలబడక్కర్లేదు, బిందె పెడితే వరస మనదే. పాపను చంకనేసుకుని వెళ్లాను. మా బిందెకు ముందు ఎదురింటావిడవి రెండున్నాయి. "పిన్నీ!" అని రెండుసార్లు పిలిచాను. పలకలేదు. ఇంట్లో లేదనుకుని వాటిని పక్కకు జరిపి మాది ముందుకు నెట్టాను.

ఆవిడ గేటు తీసుకుని వచ్చింది. నా వైపు చూడనైనా చూడకుండా ట్యాంకరతనితో అంది: "అన్నా, చదువుకున్నోళ్లకు నువ్వన్నా చెప్పు. పలకకపోతే చచ్చినట్టేనా?"

మా అత్త పరుగున వచ్చింది. "గోడ తగువప్పటి నుంచి ఆమెకూ మనకూ మాటల్లేవు గదమ్మాయ్. ఇంట్లోనే ఉండాది, మనకు పలకదు, అంతే. బిందెలు ఎట్ల ఉన్నెయ్యో అట్ల పెట్టు."

పెట్టాను. సిగ్గేసింది. పాప నిద్రలో కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే నేను, పలకనంత మాత్రాన లేదని ఎలా తేల్చేశాను? నీళ్లు పట్టుకుని నేరుగా ల్యాప్‌టాప్ దగ్గరకు వెళ్లాను.

ఎర్రర్లు రెండు రకాలు. ఒకటి, ఆ నంబరుతో ప్రోగ్రామే లేదని. రెండోది, ఉంది కానీ దాన్ని పిలిచే అనుమతి నీకు లేదని. కస్టమర్ సర్వర్లో వేర్వేరు యూజర్ల ప్రోగ్రాములున్నాయి. నా ల్యాప్‌టాప్‌లో అన్నీ నావే, పిలిస్తే అన్నీ పలికేవి. మొదటి ఎర్రర్ వస్తేనే చెరిపేలా, ఇంకేది వచ్చినా ముట్టుకోకుండా వదిలేసేలా మార్చాను. ల్యాప్‌టాప్‌లో రెండో యూజర్‌ను పెట్టి పరీక్షించాకే పంపాను.

"ఎక్కడ దొరికింది?" అని మేనేజర్ అడిగాడు.

"ట్యాంకర్ దగ్గర," అన్నాను.

అతనికి అర్థం కాలేదు. కానీ గడువు దాటినా హైదరాబాద్ మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు నీళ్లకు వెళ్తే మా బిందెను ఎదురింటి వాటి వెనకే పెడతాను.