కదలొద్దుగారి ఇంట్లో గరగర

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆయనకు అసలు పేరు లేక కాదు గానీ, ఆయాల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ ఆయన్ను కదలొద్దుగారు అనే పిలిచేవాళ్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే మరి. వాచిన మోకాళ్లూ, విరిగిన చేతులూ ఆ చల్లటి పలకకు ఆనగానే గోడ వెనకనుంచి "కదలొద్దు! ఊపిరి బిగపట్టండి!" అని వినబడేది. మనిషి కదిలితే బొమ్మ మసకబారుతుంది, మసకబారితే మళ్లీ తీయాలి. మళ్లీ తీయడమంటే ఆయనకు తల తీసేసినంత పని.

అంతటి మనిషి ఇంట్లో సొంతంగా కంప్యూటరు బిగించాడు. జెరాక్స్ షాపు నడిపే బావమరిది నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"షాపువాడు బిగించి చేతిలో పెడతాడు కదా బావా! నీకెందుకొచ్చిన తిప్పలు?"

"రోజూ వందమంది ఎముకలు చూసేవాణ్ణి, ఈ డబ్బా ఎముకలు నాకో లెక్కా?" అన్నాడు బావగారు.

ముందు రెండు ర్యామ్ ముక్కలు పెట్టాడు. చేస్తున్న పనిని కంప్యూటరు గుర్తుపెట్టుకునేది వాటిలోనే. పక్కన ఇంకో రెండు అరలు ఖాళీగా కనబడేసరికి పళ్లూడిన నోరు చూసినట్టు అనిపించి, వేరే కంపెనీవి మరో రెండు తెచ్చి దూర్చాడు. అంతటితో ఆగితే బాగుండేది. సెట్టింగుల్లోకి వెళ్లి, అట్టపెట్టె మీద ఎంత వేగం రాసి ఉందో అంతా పెట్టేశాడు. పెట్టె మీద రాసింది పూర్తిగా రాబట్టుకోకపోతే ఆయనకు అన్నం సహించదు.

ఇంతా చేసింది భార్య గొంతు కోసం. గొంతులో పుండు తీసేస్తే మాట పోతుందని డాక్టర్లు ముందే చెప్పారు. అందుకని ఆపరేషన్‌కు ముందు ఆవిడ తన ఫోనులో, కూతురి కడుపులో ఉన్న బిడ్డ కోసం, కథలూ జోలపాటలూ రికార్డు చేసి పెట్టింది. అనుకున్నట్టే గొంతు పోయింది. ఊపిరిలాంటి గుసగుస మాత్రం మిగిలింది. ఆ రికార్డింగుల్లో ఫ్యాను హోరూ వీధి రొదా ఉన్నాయి. అవి తీసేసి కడిగిన గాజుగ్లాసులా చేసి మనవరాలికి ఇవ్వాలని కదలొద్దుగారి పట్టుదల. పుట్టేది మనవరాలేనని ఆయనే తీర్మానించేశాడు లెండి.

డ్యూటీ నుంచి రాగానే కూర్చుని ఒక్కో కథనూ శుభ్రం చేసేవాడు. చేసి, పాతదాని మీదే సేవ్ చేసేవాడు. ఒకే మాటకు రెండు కాపీలుంటే ఇల్లు ఊడవనట్టు ఉంటుందట. అన్నీ కంప్యూటరులోకి ఎక్కించేశాం కదా అని, ఆ ఫోను కూడా అప్పటికే ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నారు.

కొన్నాళ్లకు కంప్యూటరు అలగడం మొదలుపెట్టింది. పని మధ్యలో తెర నీలంగా మారిపోయి, ఏదో క్షమాపణలాంటిది చెప్పి ఆగిపోయేది. కరెంటు బాగాలేదన్నాడు. ప్లగ్గు మార్చాడు. దుమ్మన్నాడు. బ్రష్షు పెట్టి తోమాడు. కింద వాటాలో మిక్సీ తిరిగినప్పుడే ఆగుతోందని కనిపెట్టి, వాళ్లతో మాటామాటా పెంచుకున్నాడు. మిక్సీ రిపేరుకు వెళ్లింది. కంప్యూటరు ఆగుతూనే ఉంది.

అదే అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. ఒకరోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శుభ్రం చేసేసిన కథల్లో ఒకటి విన్నాడు. భార్య గొంతు మధ్యలో గరగరమని చప్పుడు, ఇసుక నమిలినట్టు. ఇంకోటి విన్నాడు. అందులోనూ అంతే. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు.

చివరికి సిగ్గు విడిచి బావమరిదికి ఫోన్ చేశాడు, నీలం తెర సంగతి ఒక్కటే చెప్పాడు.

"ర్యామ్ టెస్ట్ చేశావా బావా?"

"కొత్తవిరా అవి!"

"కొత్తల్లుడే ఎక్కువ అలుగుతాడు. అన్నీ పీకేసి ఒక్కోటీ పెట్టి చూడు."

ఆదివారం మధ్యాహ్నం టెస్ట్ పెట్టాడు. తెర నిండా తప్పులు చూపించే ఎర్ర గీతలు. ఒక్కోదాన్నీ విడిగా పెడితే శుభ్రంగా పాసైంది. నాలుగూ పెట్టి వేగం తగ్గిస్తే అప్పుడూ పాసే. నాలుగూ కలిసి, పెట్టె మీద రాసినంత వేగంతో పరుగెత్తమంటేనే తడబడుతున్నాయి. తడబడి, పట్టుకున్న మాటలో ముక్కలు జారవిడుస్తున్నాయి. ఏ ర్యామ్ ముక్కలోనూ దోషం లేదు. దోషమంతా సెట్టింగులు మార్చిన వేలిది.

ఆ సాయంత్రానికి కంప్యూటరు రాయిలా నిలబడింది. గరగర మాత్రం కథల్లోనే ఉండిపోయింది. ఎక్స్‌రే అయితే మళ్లీ తీయొచ్చు.

వంటింట్లో గిన్నెలు సర్దుతున్న భార్య వెనక నిలబడ్డాడు. "నీతో ఒక మాట చెప్పాలి" అని మొదలుపెట్టి, ర్యామ్ గురించీ వేగం గురించీ నసిగి నసిగి, "నీ కథలు పాడు చేశాను. అన్నిట్లో గరగర వస్తోంది" అన్నాడు.

ఆవిడ గిన్నె కింద పెట్టింది.

"నేను విన్నాను" అంది గుసగుసగా. "మీరు డ్యూటీకి వెళ్లాక రోజూ వింటున్నాను."

"మరి అడగలేదేం?"

"అది నా గొంతులోదే అనుకున్నానండీ. అప్పటికే పుండు అంత ముదిరిపోయిందేమో, ఆ మాట చెప్పి నన్ను బాధపెట్టడం ఇష్టంలేక మీరు గుట్టుగా శుభ్రం చేస్తున్నారేమో అని."

"కాదు కాదు! నీ గొంతు కాదు. నా తెలివి."

"అయితే అప్పుడు నా గొంతు బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"నిజం చెప్పండి."

"నిజంగానే. గంటలా ఉంది."

ఆవిడ నవ్వింది. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత అవే భుజాలు కదులుతూ ఉండిపోయాయి. అది నవ్వు కాదని తెలియడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది.

చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "పెట్టండి, విందాం" అంది.

ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. దారి తప్పిన నక్కపిల్ల కథ. గరగర వచ్చినచోటల్లా ఆయన ఆపేవాడు. అది మింగేసిన మాటను ఆవిడ ఆయన చెవిలో చెప్పేది. ఆయన కాగితం మీద రాసుకునేవాడు. గొంతు లేకపోయినా మాటలైనా మిగులుతాయని. సగం దాకా అలా బాగానే నడిచింది. నక్కపిల్ల వాగు దాటి, తల్లిని చూసి ఏదో అంటుంది. సరిగ్గా అక్కడే గరగర.

ఆయన ఆపి, ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టాడు.

ఆవిడ తెరవైపే చూస్తూ ఉంది. "మళ్లీ పెట్టండి" అంది. పెట్టాడు. గరగర. మళ్లీ పెట్టాడు.

"అక్కడేమన్నానో గుర్తు రావడం లేదండీ" అంది.