పోగు వాలిన వైపు

“నేను పెట్టను. ఊళ్ళో ఇంకెన్ని షాపులు లేవు! ఎవరి దగ్గరికైనా తోలుకుపో. ఈ బండికి మాత్రం నా చేత్తో ఫ్యాను పెట్టను.”

మేస్త్రి ఆ మాట అనడం ఇది మూడోసారి. అంటూనే బండి పక్కన గొంతుక్కూర్చుని, సిలిండరు చుట్టూ ఉండే రెక్కల మధ్య గట్టిపడిపోయిన మట్టిని ఇనప పుల్లతో గీకుతున్నాడు. నోరు వద్దంటోంది, చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది.

బండి తెచ్చిన పార్సిళ్ళాయన బెంచీ మీద కూర్చుని, కాలిన పిక్క మీద తడిగుడ్డ వేసుకుంటున్నాడు. బజారు దాటేలోపే బండి రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి ఈ షాపు ముందే ఆగింది, దాన్ని నిలబెట్టబోతుంటే కాలు ఇంజనుకి తగిలింది.

“నన్ను కసిరితే ఏం లాభం మేస్త్రి గారూ? మా పక్కింటావిడ పొద్దున్నే తాళం చేతిలో పెట్టింది. ‘ఇది వేడెక్కి చంపుతోంది, వాడి దగ్గరికి తీసుకెళ్ళు’ అంది. వాడెవడమ్మా అంటే, ‘బండికి తెలుసు, అదే తీసుకెళ్తుంది’ అని తలుపేసుకుంది. నేను ఆ ఇంటి పక్కకి వచ్చి ఏడాదే అయింది. ఆవిడ మీ అక్క అని నాకెలా తెలుస్తుంది?”

“‘వాడు’ అందా?”

“‘వాడు’ అనే అంది.”

మేస్త్రి పుల్ల ఆపాడు. తొమ్మిదేళ్ళయింది అక్క నోట అతని ఊసు వచ్చి. వాడు అనే రెండక్షరాలు ఇప్పుడు ఇంకొకరి నోటి మీదుగా వచ్చాయి. అందులో కోపం ఎంతుందో, చనువు ఎంతుందో తేల్చుకోవడానికి ఆమె గొంతు అక్కడ లేదు.

“ఇంకేమంది?”

“ఇంకేమీ అనలేదు. వాళ్ళమ్మాయికి నర్సు ఉద్యోగం వచ్చింది కదా, ఇల్లిల్లూ తిరిగి మంచం పట్టినవాళ్ళకి కట్లు మార్చే పని. సోమవారం నుంచి ఈ బండి మీదే తిరగాలి. అది మాత్రం ఆ పిల్ల చెప్పింది.”

సోమవారం అంటే ఎల్లుండి. మేస్త్రి మళ్ళీ పుల్ల అందుకున్నాడు.

అతన్ని ఆ చుట్టుపక్కల అందరూ పోగు మేస్త్రి అంటారు. గాలితో చల్లబడే బండ్లకి ఫ్యాన్లు అమర్చడంలో అతన్ని మించినవాడు లేడు. పాల క్యాన్లు మోసే బండ్లు, గుమ్మం గుమ్మానికీ ఆగే బండ్లు, సందులో అడుగు తీసి అడుగు వెయ్యలేని బండ్లు అతని దగ్గరికే వస్తాయి. ఫ్యాను బిగించాక దాని ముందు జానెడు తెల్లదారపు పోగు కట్టి, స్విచ్చు వేసి, ఆ దారం ఎటు వాలుతుందో చూస్తాడు. ఒకసారి చూస్తాడు, తీసి మళ్ళీ కట్టి చూస్తాడు, బండి గలవాణ్ణి పిలిచి చూడమంటాడు. “పెళ్ళిచూపులకి కూడా ఇన్నిసార్లు చూడలేదు మేస్త్రీ” అని ఒకాయన వేళాకోళమాడితే, “అందుకే మీ ఆవిడ అలా ఉంది” అన్నాడట. ఆ దారం అలవాటు ఎక్కడిదని మాత్రం ఎవరూ అడగలేదు.

పార్సిళ్ళాయన అడిగాడు. అడగడం అతనికి అలవాటు. ఎవరింట్లో ఏ పార్సిలు ఇచ్చినా లోపల ఏముందో కనుక్కోకుండా కదలడని పేరు.

“అసలు ఇంజనుకి విసనకర్ర ఎందుకండీ? కంపెనీవాళ్ళకి తెలీదా?”

“కంపెనీవాడు బండి పరుగెడుతుందనుకుని చేశాడు. పరుగెత్తితే ఎదురుగాలి ఈ రెక్కల మధ్య నుంచి దూరి వేడిని లాక్కుపోతుంది. నీళ్ళూ లేవు, ట్యాంకూ లేదు, దీనికి గాలే దిక్కు. మన బజార్లో బండి పరుగెడుతుందా? పాకుతుంది. నిప్పు మండుతూనే ఉంటుంది, గాలి ఆడదు. ముందు ఈ మట్టి వదలాలి. మట్టి తియ్యకుండా ఫ్యాను పెట్టడమంటే, దుప్పటి కప్పుకున్నవాడికి విసరడమే.”

“మట్టి తీస్తున్నారుగా. మరి ఫ్యాను?”

మేస్త్రి స్పానరు కోసం బండి పక్కపెట్టె మూత తీశాడు. స్పానరు లేదు. పాత దుప్పటి ముక్కలో చుట్టి, దారంతో నాలుగు వరసలు గట్టిగా కట్టిన పొట్లం ఉంది. ఆ ముడి అక్కది. ఆమె ముడి వేస్తే పళ్ళతో కూడా రాదు, కత్తెర పడాల్సిందే.

కత్తెరతో తెంపి విప్పాడు. పాత కారు ఏసీలోంచి పీకిన అరచేతి వెడల్పు ఫ్యాను. దాన్ని బిగించిన ఇనప పట్టీ మీద అతని సుత్తి దెబ్బలు. తీగలు కలిపినచోట అతను చుట్టిన నల్లటేపు. ఎర్ర తీగ నల్లదానికీ, నల్ల తీగ ఎర్రదానికీ కలిపి ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా అలాగే ఉన్నాయి.

అతను దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చున్నాడు.

“ఏమైంది మేస్త్రి గారూ?”

“ఇది నేను పెట్టిన మొట్టమొదటి ఫ్యాను” అన్నాడు. అక్కడి నుంచి మొత్తం చెప్పడం మొదలుపెట్టాడు.

అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచింది అక్కే. ఆమె కుట్టుమిషను పెడలు చప్పుడు వింటూ పెరిగాడు. అక్కకి పెళ్ళయితే తన గతేమిటని భయపడ్డాడు గాని, బావ వచ్చి మొదటి వారంలోనే తన బండి విప్పి అతని ముందు పరిచాడు. “నేర్చుకో బామ్మర్దీ, చెడిపోతే కొత్తది కొనుక్కుందాం, మీ అక్క చేత కుట్టించి!” అని నవ్వాడు. ఈ షాపు రేకులు కూడా బావ దగ్గరుండి వేయించినవే. బావ మందుల దుకాణాలకి సరుకు చేరవేసేవాడు. బండికి రెండు పక్కలా బరువైన పెట్టెలు, అడుగడుక్కీ ఒక దుకాణం. ఎండాకాలంలో ఇంజను సెగకి మోకాళ్ళు బొబ్బలెక్కేవి. అది చూడలేక అతను ఈ ఫ్యాను తయారుచేశాడు. అప్పటికి ఎవరూ అలాంటిది పెట్టలేదు. బిగించి, స్విచ్చు వేసి, ఫ్యాను ముందు అరచెయ్యి పెట్టాడు. చల్లగా, బలంగా గాలి కొట్టింది. బావ చేతిని కూడా లాగి అక్కడే పెట్టాడు.

“‘బావ బతుకు కోరేది బామ్మర్దేనని ఊరికే అనలేదురా’ అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.”

“గాలి బాగానే వచ్చిందిగా?”

“వచ్చింది. నువ్వూ నాలాగే అడిగావు చూశావా? గాలి వస్తోందా అని చూశాను, ఎటు వస్తోందో చూడలేదు. ఫ్యాను సిలిండరు ముందు ఉంది. దాని ముందున్న చేతికి గాలి కొట్టిందంటే, ఆ గాలి ఇంజను మీదికి పోవట్లేదన్నమాట. బయటికి వస్తోంది. తీగలు తిరగేస్తే ఆ ఫ్యాను ఎదురు తిరుగుతుంది. ఎర్రదీ నల్లదీ నేనే తిరగేసి కలిపాను.”

మూడో రోజున బావ నిండు బరువుతో కొండదారి ఎక్కాడు. దారి నిటారుగా ఉంటుంది, బండి నెమ్మదిగా పోవాలి, ఎదురుగాలి కొద్దిగానే తగులుతుంది. ఆ కాస్త గాలినీ ఫ్యాను ఎదురుతోసేసింది. సగం దారిలో వేడికి పిస్టను ఉబ్బి సిలిండరుకి పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి బావ కాలి మీద పడింది. ఆ మోకాలు మళ్ళీ వంగలేదు. ఇప్పుడు ఎత్తు స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుని, అక్క కుట్టిన చొక్కాలకి గుండీలు కుడుతున్నాడు.

“పొరపాటు చేశానని కాదు అక్క మాట్లాడనిది” అన్నాడు మేస్త్రి. ఆ మాట అనే ముందు నూలుగుడ్డతో చేతులు రెండూ వేలు వేలుకీ తుడుచుకున్నాడు. “బండి షాపుకి రాగానే తీగలు చూశాను, తెలిసిపోయింది. సాయంత్రం అక్క వచ్చింది. ఎందుకు పట్టేసిందిరా అని అడిగింది. ఆయిలు తక్కువైందన్నాను. బావ చూసుకోలేదన్నాను. ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు, కాదనడానికి ఇక్కడ లేడు.”

పార్సిళ్ళాయన తడిగుడ్డ తీసి పక్కన పెట్టాడు.

“అక్క ఆస్పత్రికి వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. ఫ్యాను బ్యాటరీకి తగిలించమంది. మెడలో దారపు పోగులు వేలాడుతున్నాయి, కుడుతూ కుడుతూ లేచి వచ్చేసినట్టుంది. ఒక పోగు తెంపి ఫ్యాను ముందు పట్టుకుంది. అది ఆమె మొహం వైపు వాలింది. ‘ఇంజను ఎటుందిరా? దారం ఎటు పోతోందిరా?’ అంది. అప్పుడన్నా చెప్పి ఉండాల్సింది. ఆయిలు కూడా తక్కువే అని గొణిగాను. ఆమె ఫ్యాను తీసుకుని వెళ్ళిపోయింది.”

“మీ బావగారు?”

“అప్పుడప్పుడూ కర్ర పట్టుకుని ఇటు వస్తాడు. లోకం మీది కబుర్లన్నీ చెప్తాడు. ఆయిలు సంగతి ఎత్తడు. ఎత్తి తిడితే బాగుండును. ఆ రోజు నుంచి ఏ బండికి ఫ్యాను పెట్టినా అక్క పోగే కడుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.”

ఎదుటి గోడ నీడ షాపులోకి సగం వచ్చింది. పార్సిళ్ళాయన పాత ఫ్యానుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“మరి దీన్ని ఇప్పుడెందుకు పంపినట్టు? దెప్పడానికా?”

“అదే తెలియట్లేదు. దెప్పాలనుకుంటే బండి పంపనక్కర్లేదు. నమ్మితే ఈ ఫ్యాను పంపనక్కర్లేదు.”

“రెండూ కలిపి పంపింది మరి” అన్నాడు పార్సిళ్ళాయన. “నేను పార్సిళ్ళు ఇచ్చేవాణ్ణి, నాకు ఒకటే తెలుసు. పంపినవాళ్ళు ఏదో ఒకటి తిరిగి రావాలని చూస్తూంటారు.”

మేస్త్రి అతని వైపు ఒకసారి చూసి లేచాడు.

రెక్కల మట్టి పూర్తిగా వదిలించాడు. నల్లగా మాడిన ఆయిలు దించి కొత్తది పోశాడు, ఆయిలు కొలిచే పుల్ల తీసి గీత దాకా ఉందని పార్సిళ్ళాయనకి చూపించాడు. ఇంజను వేడెక్కేదాకా నిలబెట్టి తిప్పి, సిలిండరు హెడ్డు మీద నీటిబొట్టు వేశాడు. చుర్రుమని ఎగిరిపోయింది. ఆపి, చల్లారనిచ్చి, బీరువాలోంచి కొత్త ఫ్యాను తీశాడు. ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది. ప్రతి తీగనీ వేలితో చివరిదాకా తడుముకుంటూ పోయాడు. దారం కట్టి చూశాడు. ఇంజను వైపు వాలింది. విప్పి మళ్ళీ కట్టాడు. పార్సిళ్ళాయన చూశాడు. మళ్ళీ అంతసేపూ ఇంజను తిప్పి బొట్టు వేస్తే, ఈసారి అది వెంటనే ఎగరలేదు. రెక్క మీద వణుకుతూ కాసేపు నిలిచి, మెల్లగా ఆరిపోయింది.

“పాతది పారెయ్యనా?”

“వద్దు.”

దాని అతుకు విప్పకుండానే తీసుకెళ్ళి, షాపుకి వచ్చే ఎవరికైనా ఎదురుగా కనిపించే మేకుకి తగిలించాడు. తగిలించి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు.

తిరిగి వచ్చి, కొత్త ఫ్యాను ముందు కట్టిన దారాన్ని విప్పేశాడు. కాగితంలో మడిచి పార్సిళ్ళాయన జేబులో పెట్టాడు.

“ఇదేమిటి? కట్టి పంపరా?”

“అక్కని కట్టమను. స్విచ్చు వేసి ఆమెనే చూడమను. ఇంజను వైపు వాలితే సోమవారం పిల్లని తీసుకెళ్ళమను. బయటికి వాలితే, కత్తెర ఆమె చేతిలోనే ఉంటుంది, తీగలు కత్తిరించి పారెయ్యమను. బాగా చేశాడని నువ్వు చెప్పకు. నీ నోరు ఊరుకోదు, నాకు తెలుసు.”

పార్సిళ్ళాయన బండెక్కి కిక్కు కొట్టాడు. “ఆయిలు మార్చారని చెప్పనా, అది కూడా నా నోట రాకూడదా?”

మేస్త్రి హ్యాండిలు మీద చెయ్యి వేసి బండిని ఆపాడు.

“అది చెప్పు. ఆయిలు నిండుగా ఉందని చెప్పు. ఆ రోజు కూడా నిండుగానే ఉందన్నాడని, నా మాటగా చెప్పు. బావ వినేలా, కాస్త గట్టిగా చెప్పు.”