వెల్కో బాబాయికి తోడు కావాలి

భయపడటంలో వెల్కో బాబాయికి అలుపు లేదు. ఎలుగుబంటంటే భయం, పొగమంచంటే భయం, అడవిపందంటే భయం, ఎండుకొమ్మంటే భయం. ఉడుత తుమ్మినా ఉలిక్కిపడేవాడు. ఆరడుగుల ఈ పిరికిమనిషికి దొరికిన పనేమో అడవిలోనే. రోడొపి కొండల్లో, రిజర్వాయర్ చుట్టూ ఉన్న కాలిబాటల వెంట నడిచేవాళ్లకి దారి తెలిసేలా చెట్ల మీద ఎరుపు, తెలుపు రంగు పట్టీలు దిద్దడం. ఎలుగులు ముందే విని తప్పుకోవాలని మెడలో పొట్టేలుగంట కట్టుకుని తిరిగేవాడు. ఆయన కాఫీకొట్టులో అడుగుపెడితే, "పొట్టేలొచ్చింది, గడ్డి వెయ్యండ్రా!" అని జనం కేకలేసేవారు.

ఇస్క్రాకి మాత్రం నవ్వు రాలేదు. ఎలుగు చీల్చిన తాత చెంపను చూస్తూ పెరిగిన మనిషి ఆమె. కుట్టుమిల్లు మూతపడ్డాక, కొండమీద నడకకొచ్చేవాళ్ల బసలో వంటపని ఒక్కటే దొరికింది. రిజర్వాయర్‌వి కింద ఊరంతా తాగే నీళ్లు కాబట్టి, అడవి మొదట్లో ఉన్న గేటు దాటి ఏ బండినీ పోనివ్వరు. గంటసేపు అడవిలో నడవాల్సిందే.

"ఎనిమిదింటికి పొయ్యి వెలగాలి. నీవల్ల కాకపోతే చెప్పు, ఇంకో మనిషిని చూసుకుంటా" అంది బస యజమానురాలు.

మొదటిరోజు ఇస్క్రా గేటు దగ్గర నిలబడిపోయింది. వెనక గంట మోగింది.

"అమ్మాయ్, పైకేనా?"

"ఊఁ."

"బతికించావు తల్లీ! ఒంటరిగా పోవాలంటే నా ప్రాణం పోతుంది. కాస్త తోడు రా."

"నేనా? మీకు తోడా?"

"మరెవరు? నువ్వే ముందు నడు. ఎలుగు ముందున్నవాళ్లనే తింటుందట."

ఇస్క్రాకి ఒళ్లుమండింది. ఆ కోపంలో రెండడుగులు పడ్డాయి. వెనకాల గంట గణగణమంటూ వస్తూనే ఉంది.

ఇక రోజూ అదే తంతు. "ఆ నల్లగా ఉన్నదేంటే?"

"మొద్దు, బాబాయ్."

"మొద్దుకి చెవులుంటాయా?"

"అవి పుట్టగొడుగులు!"

"వెళ్లి చూసిరా. నేనిక్కడే ఉంటా, నీకు ధైర్యంగా ఉంటుంది."

తిట్టుకుంటూ వెళ్లేది. వణికే కాలితోనే ఓ తన్ను తన్ని వచ్చేది. ఎండాకాలం గడిచేసరికి ఆ బాటలో ఆమె తన్నని మొద్దు లేదు. భయం పోలేదు. భయపడదామంటే ఈ ముసలాయన తీరికిస్తేగా!

శరత్కాలంలో ఒకనాడు, నాలుగడుగుల అవతల ఏమీ కనపడని పొగమంచులో, ఒక మొద్దు లేచి నిలబడింది.

ఇస్క్రాకి తాత చెంప కళ్లముందు మెదిలింది. వెల్కో బాబాయ్ అప్పటికే ఆమె వెనక నక్కాడు.

"బాబాయ్, గంట!"

"చేతులాడటం లేదే! నువ్వే మాట్లాడు. మెల్లగా. పరుగెత్తకు. మాట్లాడుతూ వెనక్కి జరుగు."

ఎలుగుతో ఏం మాట్లాడతారు? ఆమె నోటికి వచ్చింది వంట ఒక్కటే. "ఇవాళ... చిక్కుడుగింజల సూపు. పక్కన మిరపకాయలు. నిన్నటి రొట్టె. పెరుగు..." ఒక్కో వంటకానికి ఒక్కో అడుగు వెనక్కి వేసింది. ఎలుగు అంతా శ్రద్ధగా విని, పెరుగు దగ్గర తల తిప్పుకుని మంచులోకి వెళ్లిపోయింది.

"నిన్నటి రొట్టె అన్నావుగా, అందుకే పోయింది" అన్నాడు వెల్కో బాబాయ్, వణుకుతూనే.

ఆ వారం నుంచి ఇస్క్రా ఒక్కతే నడిచింది. గుండె దడదడలాడుతూనే ఉండేది. పొయ్యి మాత్రం వేళకి వెలిగేది.

చలికాలపు తొలిమంచు కురిసే ముందు ఒకరాత్రి బసలోనే పడుకుని, గేటు దగ్గర దించిన పిండిమూట కోసం తెల్లారగానే కిందికి బయలుదేరింది. మలుపు దగ్గర ఎవరిదో ఈల వినిపించింది. చెట్టుచాటు నుంచి చూసింది. వెల్కో బాబాయ్! ఒక్కడే! గంటలో ఉన్ని కుక్కి ఉంది. ఎదురుగా వాగులో ఎలుగు.

ఆయన నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏమే, మళ్లీ కాళ్లు పెట్టావా? కింద ఊరు తాగే నీళ్లే అవి! నడు, నడు!"

ఎలుగు గట్టెక్కి, తలొంచుకుని పోయింది. ఆయన ఈలపాట ఆగినచోటినుంచి అందుకున్నాడు.

ఇస్క్రాకి కోపం నెత్తికెక్కింది. ఇన్ని నెలలు! ఇన్ని మొద్దులు! నాలుగు దులుపుదామని గేటు దాకా వెంటపడింది. అక్కడ, నీళ్లు పరీక్షకి పట్టుకెళ్లడానికి కొత్తగా వచ్చిన క్రుమ్ అనే ఉద్యోగి సీసాల సంచీ గుండెకి హత్తుకుని, అడవికేసి చూస్తూ పాలిపోయి ఉన్నాడు. మొదటిరోజు సరిగ్గా తను నిలబడిన చోటే.

వెల్కో బాబాయ్ గంటలోంచి ఉన్ని లాగేశాడు. మోకాళ్లు చక్కగా వణకడం మొదలుపెట్టాయి.

"బాబూ, పైకేనా? బతికించావు! ఒంటరిగా పోవాలంటే నా..."

అప్పుడు ఆయనకి కనపడింది ఇస్క్రా. ఆయన నోట మాట ఆగిపోయింది, ముఖం తెల్లబడింది. ఇన్ని నెలల్లో ఆయన నిజంగా భయపడటం ఆమె చూసింది అదే మొదటిసారి.

ఇస్క్రా పిండిమూట భుజానికెత్తుకుంది.

"మహా పిరికిమనిషండీ ఈయన" అంది క్రుమ్‌తో. "నాకూ భయమే. మీరు ముందు నడవండి."

"నేనా? ముందా?"

"మరెవరు? ఎలుగు ముందున్నవాళ్లనే తింటుందట."

క్రుమ్ కోపంగా రెండడుగులు వేశాడు. వెనకాల గంట గణగణమంది.