కొమ్మకు రెండు కొమ్మలు

నా బొమ్మల్లో చెట్టు ఎప్పుడూ ఒక్క గీతతోనే మొదలయ్యేది. ఆ గీత కొంత దూరం వెళ్లి రెండుగా చీలాలి. చీలిన ప్రతి గీతా కాస్త పొట్టిదై మళ్లీ రెండుగా చీలాలి. నేను కంప్యూటర్‌కు చెప్పేది అంతే. ఆ ఒక్క మాటనే పది పన్నెండుసార్లు తిప్పి తిప్పి చెబితే తెర మీద ఫెర్న్ ఆకో, కొత్తిమీర రెమ్మో, ఇక్కడివాళ్లు గమ్ చెట్టనే నీలగిరి ఎండుకొమ్మో లేచి నిలబడేది. ఇలాంటివాటిని ఫ్రాక్టల్స్ అంటారు. మొత్తానికి ఏ ఆకారం ఉందో ముక్కకూ అదే ఉంటుంది, ఆ ముక్కలోని ముక్కకూ అదే ఉంటుంది. దాన్ని లేత బూడిదరంగులో ప్రింట్ తీసుకుని, పైన నల్ల ఇంకు పెన్నుతో చేత్తో దిద్దేదాన్ని. మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో మా ఇంటి గరాజ్‌లో కారు ఏనాడూ నిలవలేదు. అక్కడ నా బల్ల, నా ప్రింటర్, నా కాగితాలు ఉండేవి.

ఈ పిచ్చి పట్టించింది ఒక కూరగాయ. శనివారం మార్కెట్లో ఆకుపచ్చ కాలీఫ్లవర్ లాంటిదొకటి కనబడింది. పువ్వంతా శంఖాలు, ఒక్కో శంఖం మీద బుల్లి శంఖాలు, వాటి మీద ఇంకా బుల్లివి. తెచ్చి వంటగట్టు మీద పెట్టుకుని నాలుగు రోజులు చూస్తూ కూర్చున్నాను.

"ఏంటే, దాన్ని వండుతావా, హారతిస్తావా?" అన్నారు మా ఆయన.

"మీకు పప్పుంది కదా, తినండి" అన్నాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది ముందే చెప్పేయడం మంచిది, జరిగినదానిలో సగం ఆ కోపం పుణ్యమే. ఆఫీసులో రోజంతా ఎవరెవరివో అంకెలు చూసి ఇంటికొచ్చాక, పొద్దుతిరుగుడు పువ్వులో గింజ పక్కన గింజ నూట ముప్పై ఏడున్నర డిగ్రీలు తిరిగి ఎందుకు కూర్చుంటుందో లెక్క వేసుకోవడం నాకు హాయిగా ఉండేది. ఆ హాయిలో ఎవరు పలకరించినా కసురుకునేదాన్ని.

మొదటి పోగు ఒక ఆదివారం ఉదయం కనబడింది. తెల్లకాగితం మీద, ఎడమవైపు కింద, తెగిన వెంట్రుక లాంటిది. వేలితో తుడిచాను. పోలేదు. ఊదాను. పోలేదు. ప్రింటర్‌ను తిట్టి, ఇంకో కాగితం తీశాను. దాని మీదా ఉంది. వారం తిరిగేసరికి ఒకటి కాస్తా నాలుగయ్యాయి. కంప్యూటర్ తెర పాడైందని కొత్తది కొనిపించాను. కళ్లద్దాలు మార్చాను, అదీ పాత నంబరుకే. చూపు కదిపితే అవీ కదిలేవి, ఒక్క క్షణం ఆలస్యంగా. చూపు నిలిపితే నెమ్మదిగా జారి, ఎడమవైపు కిందికే వచ్చి ఆగేవి.

బుద్ధున్న మనిషికి అక్కడ భయం వేయాలి. నాకు ముచ్చటేసింది! ఆ పోగులు కూడా కొమ్మల్లాగే చీలుతున్నాయి, నా లెక్కకు అందకుండా, ఇష్టం వచ్చినట్టు. అప్పటిదాకా నా బొమ్మలు మరీ పద్ధతిగా ఉండేవి. దువ్వి జడేసినట్టుండే చెట్లు. అందుకని కనబడ్డవాటిని కనబడ్డట్టే గీయడం మొదలుపెట్టాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆఫీసులో నా పక్క సీటావిడ, ఇప్పుడు నీ చెట్లకు ప్రాణం వచ్చింది అంది. నెలలు గడిచేకొద్దీ ఆ మూల చిక్కబడుతూ వచ్చింది. నా చెయ్యి తిరుగుతోందని మురిసిపోయాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు షుగర్ ఉంది. ముప్పై ఆరో ఏట, సెలవుకు రాజమండ్రి వెళ్లినప్పుడు బయటపడింది. అయ్యో ఇంత చిన్న వయసులోనా, తీపి ఎక్కువ తింటావా, మీ ఇంట్లో ఎవరికుంది, ఇలాంటి పరామర్శలు నేను భరించలేను. మా ఆయనకు, మా అమ్మకు తప్ప ఇంకో మనిషికి తెలియనివ్వలేదు. బిళ్లలు అక్కడినుంచే. మెల్‌బోర్న్ వచ్చే తెలిసినవాళ్ల పెట్టెల్లో కందిపొడితో పాటు మా అమ్మ కట్టిన పొట్లం ఒకటి ఉండేది, లోపల ఏముందో వాళ్లకూ తెలియదు. ఇక్కడి డాక్టర్ దగ్గరికి జలుబుకో, నడుము నొప్పికో వెళ్లేదాన్ని. ఆయన కంప్యూటర్లో నేను ఏ రోగమూ లేని మనిషిని. షుగర్ ఉందని రాయించుకున్నవాళ్లకు కళ్లు చూపించుకోమని ఉత్తరాలొస్తాయి. రాయించుకోనిదానికి ఎవరు రాస్తారు? ఏడాదికోసారి కళ్లు చూపించుకోమ్మా అని రాజమండ్రి డాక్టర్ చెప్పనే చెప్పారు. వచ్చే నెల, వచ్చే నెల అనుకుంటూ పదేళ్లు గడిపేశాను. ఇక్కడున్న మావాళ్లలో ఇలా పొట్లాల మీద బతికేది నేనొక్కదాన్నే కాదని నాకు తెలుసు. ఆ తెలియడం కూడా ఒక ధైర్యమే అయింది నాకు.

కిందటేడు మా పేట లైబ్రరీవాళ్లు నా బొమ్మలకు ఒక గోడ ఇచ్చారు. పదకొండు బొమ్మలు తగిలించాను. మేకులు అందించడానికి మా అమ్మాయి వచ్చింది. దానికి పద్నాలుగేళ్లు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది. అన్నీ తగిలించాక అది దూరంగా వెళ్లి నిలబడి చూసింది.

"బాగున్నాయా?" అన్నాను.

"అమ్మా, సేమ్ మెస్, సేమ్ ప్లేస్. ఎవ్రీ సింగిల్ వన్."

"మెస్ ఏంటే? అది నా స్టైల్."

"నో, లుక్. బాటమ్ లెఫ్ట్. ఫెర్న్‌లో, గమ్ ట్రీలో, సన్‌ఫ్లవర్‌లో కూడా. ఇట్స్ లైక్ యూ స్పిల్ట్ సమ్‌థింగ్."

నాకు ఒళ్లు మండింది. "ముందు నువ్వొక గీత తిన్నగా గీయి, తర్వాత నాకు చెబుదువుగాని" అని నోరు పారేసుకున్నాను. పుస్తకాలు సర్దుతున్న ఆవిడ తలెత్తి చూసింది. మా అమ్మాయి జేబులోంచి ఫోన్ తీసింది. పదకొండింటికీ ఫొటోలు తీసి, నా ముందు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి వేలితో తోసింది. చెట్లు మారిపోతున్నాయి. ఆకులు మారిపోతున్నాయి. ఆ చిక్కు మాత్రం ఉన్నచోటే ఉండి, ఒక్కో ఫొటోకూ కాస్త లావెక్కుతోంది.

"డూ యూ సీ ఇట్? లైక్, ఇన్ రియల్ లైఫ్?" అంది మెల్లగా.

ఎడమ కన్ను మూశాను. గోడ శుభ్రంగా ఉంది. కుడి కన్ను మూశాను. గోడ కింద సగం లేదు. పోగులు లేవు, ముద్ద కట్టిన మురికినీళ్లలాంటిది ఉంది, నెమ్మదిగా ఊగుతోంది. నా ఎదురుగా నిలబడ్డ పిల్లకు జుట్టుంది, నుదురుంది, అక్కడినుంచి కిందికి ఏమీ లేదు. ఏడాదికి పైగా ఒక కన్ను చేస్తున్న చాకిరీని రెండూ చేస్తున్నాయనుకున్నాను.

మర్నాడు తెల్లారగానే షాపింగ్ సెంటర్‌లో కళ్లద్దాల వాళ్ల దగ్గరికి వెళ్లాం. ముందు ఒక కాగితం నింపమన్నారు. షుగర్ ఉందా అన్నచోట, చెయ్యి అలవాటున వెళ్లి లేదు అని టిక్ పెట్టేసింది. మా ఆయన నా చేతిలోంచి పెన్ను లాక్కుని దాన్ని కొట్టేశారు.

"ఇంకా ఎవరి దగ్గర దాస్తావే?" అన్నారు.

అక్కడి కుర్రాయన దీపం పెట్టి చూసి, పక్కగదిలోకి వెళ్లి ఫోన్ చేశాడు. మూసిన తలుపు అవతల అతను ఇవాళే, ఇవాళే అనడం మాత్రం వినబడింది. మధ్యాహ్నానికి కంటి ఆసుపత్రిలో ఉన్నాం. మా అమ్మాయి బడి మానేసి మాతోనే వచ్చింది. వద్దంటే వినలేదు.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేకపోతే కంటి లోపలి పొరకు రక్తం చాలదు. చాలని చోట కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. సన్నవి, బలం లేనివి. చీలుతూ, మళ్లీ చీలుతూ పెరుగుతాయి. ఒకటి తెగితే రక్తం లోపలే కారి తేలుతుంది. నువ్వు చూసిన పోగులు ఆ రక్తమే అంది.

ఆవిడ చెప్పేది నాకు బాగా అర్థమైంది, అందుకే ఎక్కువ భయమేసింది. ఆకలి వేసిన చోట కొమ్మ వేయి, ఆ కొమ్మకు మళ్లీ రెండు కొమ్మలు వేయి. నేను గరాజ్‌లో కూర్చుని రాసుకునే మాటే ఇది. నా చెట్టు ఎన్నోసారికి ఆగాలో నేను చెప్పేదాన్ని. దీనికి చెప్పేవాళ్లు లేరు. ఎడమ కంటికి ఆపరేషన్ చేయాలి, చేసినా చూపు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను అంది ఆవిడ.

"ఒక కన్ను బాగానే ఉంది కదా" అన్నారు మా ఆయన నాతో, తెలుగులో. ధైర్యం నాకు చెబుతున్నారో, తనకు చెప్పుకుంటున్నారో.

డాక్టరమ్మ అంతకుముందు తీసిన రెండు కళ్ల ఫొటోలూ తెర మీద పెట్టింది. చుక్కల మందు వేసి ఉండడంతో నాకు అంతా మసక. ఏముందో చెప్పవే అన్నాను మా అమ్మాయితో. అది కుర్చీలోంచి ముందుకు వంగింది.

"ఫస్ట్ వన్ ఈజ్ జస్ట్ బ్రౌన్ ఫాగ్" అంది. తర్వాత దాని గొంతు మారింది. నాకు ధైర్యం చెప్పడానికి ఏదో దొరికిన సంతోషం అందులో తెలిసింది. "ఓ, బట్ ద అదర్ వన్ ఈజ్ ప్రెటీ, అమ్మా! సో క్లియర్. ఆరెంజ్‌గా ఉంది, అండ్ దేర్స్ దిస్ టైనీ ప్లాంట్ గ్రోయింగ్ ఇన్ ద మిడిల్. యూ షుడ్ డ్రా దట్ వన్."

నేను నవ్వబోయాను. డాక్టరమ్మ నవ్వలేదు. తెర మీద ఆ మొక్క ఉన్నచోట వేలు పెట్టి, అది నా కుడి కన్ను అని చెప్పింది.